పన్నెండో లైను గోడ

ఎన్నికల కోడ్ వచ్చిన రాత్రి
అరండల్‌పేట పన్నెండో లైను గోడ మీద
మూడు వారాల కిందట తను రాసిన పేరునే
సున్నంతో కప్పేస్తున్నాడు బాజీ.
మిర్చి యార్డు వైపు గాలి తిరిగినప్పుడల్లా
ఒక తుమ్ము, ఒక పూత.

పురికొస లాగి నాలుగు మూలలూ తిన్నగా తీస్తున్నాడు.
"చెరిపేదానికి కూడా కొలతలేంటి బాజీ?"
"చెరిపింది కూడా కనపడుద్ది కద సార్."

నేను కాలేజీలో బొమ్మల చరిత్ర చెప్తాను.
ఏటా ఒకరోజు తెర మీద నల్ల చదరం వేస్తాను,
ఎక్కడో మంచుదేశంలో ఎవరో గీసింది.
అంతం అంటాను, ఆరంభం అంటాను,
రెండూ కాదేమోనని లోపల అనుకుంటాను.
ఓసారి వెనక బెంచీ నుంచి కోటిరత్నం
"కరెంటు పోయిందా సార్?" అంది.
అందరూ నవ్వారు. నేను నోట్సు మూసేశాను.

తెల్లారేసరికి ఊరంతా తెల్ల చదరాలు.
పాలిపోయిన పసుపు మీద పచ్చి తెలుపు,
కింద సంతకం లేదు, పక్కన ధర చీటీ లేదు,
ఆగి చూసేవాడు లేడు.
కుక్క ఒకటి వాసన చూసి, నచ్చక,
పక్క గోడకి పోయింది.

మూడో రోజు ఎండకి సున్నం పొలుసులూడి
అడుగున నీలం తేలింది:
ఒక కొమ్ము, ఒక దీర్ఘం, సగం సున్నా.
ఆ మంచుదేశపు నలుపు కింద కూడా
బీటల్లోంచి ఏవో రంగులు తొంగిచూస్తాయని
చదివాను గానీ, నమ్మబుద్ధి కాలేదు ఇన్నాళ్లూ.

బాజీ సిగ్గుపడ్డాడు. "ఇంకో పూత వేస్తాలే సార్."
వద్దనబోయాను.
ఈలోపు పదేళ్ల పిల్లాడొకడు
బొగ్గుముక్కతో దాని నడిమధ్య
మూడు నిలువు గీతలు గీసి
"జరగండి సార్, వికెట్లకి అడ్డం" అన్నాడు.