సోమవారం వాసన

ఎల్గోయిబార్‌లో సోమవారాన్ని ముక్కుతో పోల్చుకునేవాళ్ళం.
రెండు రోజులు పంపు ఆగితే చాలు,
లేత్ కింది తొట్టిలో తెల్లనీళ్ళు మురిగి
కుళ్ళిన గుడ్డు కంపు.
తలుపు తీసినవాళ్ళ మొహాన కొట్టేది.
నేను కొత్తదాన్ని, ఆ షెడ్డుకి ఒక్కతే ఆడదాన్ని.
తాళంచెవి నా చేతికే ఇచ్చారు.

తలాద్రీన అంటారు దాన్నక్కడ.
చూస్తే పాలు, ముట్టుకుంటే జిడ్డు.
ఉక్కుని ఒలిచే చోట
టూలు నాలిక పిడచకట్టకుండా
పొద్దస్తమానం దాని మీద ధార.
కలపడం బిషెంతె నేర్పాడు:
నీళ్ళలోకి నూనె, సన్నగా, కర్రతో తిప్పుతూ.
నూనెలోకి నీళ్ళు పోశావో, విరిగిందే.
"మా ఆవులకి కూడా తెలుసిది" అన్నాడు.
వాటికేం తెలుసో చెప్పలేదు.

కొండ మీద వాళ్ళ కమతం. మూడు ఆవులు.
ఐదింటికి పాలు పిండి
ఆరింటికల్లా దిగొచ్చేవాడు,
ఒక తెలుపు కడుక్కుని ఇంకో తెలుపులోకి.

చిక్కదనం చూడ్డానికి ఒక గొట్టం ఉండేది.
అద్దం మీద చుక్క వేసి కిటికీకేసి చూస్తే
నీలం ఆగి తెలుపు మొదలయ్యే గీత.
ఆరు దగ్గరుండాలి.
బిషెంతె గొట్టం ముట్టడు.
రెండు వేళ్ళ మధ్య రుద్ది "ఆరున్నర" అంటాడు.
నేను గొట్టంలో చూస్తాను.
ఆరున్నర.

ఒక గురువారం, స్టెయిన్‌లెస్ కడ్డీ,
ధార చాటున కోత కనబడ్డంలేదని
కుళాయి కట్టేశాను.
ఎండుగడ్డి రంగులో లేచింది తురుము,
ఆపైన నెమలి మెడ నీలం.
ఎంత బాగుందో! నిలబడి చూస్తున్నాను.
పొగ.
గాభరాగా కుళాయి మొత్తం తిప్పేశాను.
టిక్కుమని, చీమ చిటికేసినంత చప్పుడు.

మూడు లేత్‌ల అవతల బిషెంతె తల తిరిగింది.

వచ్చి, కార్బైడ్ బిళ్ళ విప్పి, నా అరచేతిలో పెట్టాడు.
అంచున దువ్వెన పళ్ళలా బీటలు.
"పోస్తే మొదట్నించీ పొయ్యి.
లేదా పొయ్యకు. పోత ఇనుము చూడు,
ఒక్క చుక్క అడగదు, పొడిగానే తెగుతుంది.
కాలనిచ్చి కాలనిచ్చి అప్పుడు జాలిపడతావేం?"
ఇంట్లో ఎవరితోనో అనాల్సిన మాట
నాతో అన్నాడనిపించింది. అడగలేదు.

అతని చేతులు అప్పటికే పోయాయి.
వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఎర్రగా, చలికాలం నెత్తురు.
డాక్టరు గ్లవుజులు తొడుక్కోమన్నాడట.
తిరిగే చక్ దగ్గర గ్లవుజు తొడిగితే
గ్లవుజుతో పాటు చెయ్యీ పోతుందని
డాక్టరుకి ఎవరు చెప్తారు?

ఫిబ్రవరిలో ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు, కుంటుతూ.
ఆవు తన్నింది.
పదిహేడేళ్ళు ఊరుకుంది, ఇవాళ
చేతుల వాసన చూసి కాలెత్తింది.
ఇకమీదట మయాలెన్ పిండుతుందిట, అతని భార్య.
మిషను లోపం చెప్పినట్టే చెప్పాడు,
రొట్టె నములుతూ:
"నా గాఢత పెరిగిపోయింది, గరాసీ."
అందరూ నవ్వారు.

భోజనాలయ్యాక నన్ను పిలిచాడు.
రెండుసార్లు సబ్బు పెట్టి, బాగా కడిగి,
కారుతున్న చేతులు చాచాడు. "చూడు."
వేలి కొస నుంచి ఒక చుక్క పట్టి
గొట్టం కిటికీకేసి ఎత్తాను.
సున్నా మీద, వెంట్రుక మందాన, గీత.

"సబ్బయుంటుంది" అన్నాను.
"సబ్బే" అన్నాడు.

అతను మానేసిన ఏడాది
చేపల తొట్లమ్మే కొట్లో
బుడగలు ఊదే చిన్న పంపొకటి కొన్నాను.
శుక్రవారం సాయంత్రం తొట్టిలో వేసి వెళ్ళాను.
రెండు రోజులూ గుడగుడలాడుతూ
తెల్లనీళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి.

పొద్దున నేను తాళం తీస్తుంటే
వెనకాలే బిషెంతె, చంకలో జున్ను,
మయాలెన్ పంపింది.
గుమ్మంలో ఆగాడు.
ముక్కెగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు.
లేత్‌ల వంక, నా వంక,
గోడ మీది క్యాలెండర్ వంక చూసి
అడిగాడు:

"ఇవాళ ఏ వారం?"