తరుగు

మిర్యాలగూడ బైపాస్ మీద రైస్‌మిల్లు కాంటా.
లారీ ఎక్కంగనే పలక మీద అంకె వణికి ఆగుతది,
దాన్ని నేను హైదరాబాదు సర్వరుకు పంపుతా.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"
రాలిన గింజలు ఊడుసుకుంట జానిమియా.
ఒక కిటికీ ఉన్నది చిచ్చా, అవతల మనిషి కనపడడు.
అది అడిగిన మాటలే, అది అడిగిన తీరుగ పెట్టాలె.
క్వింటాళ్లల్ల రాస్తే నాలుగువందలని ఎనక్కి కొడతది,
కిలోలల్ల రాస్తే రెండువందలంటది.
"రెండువందల రూపాయలా?"
కాదు. ముట్టిందని.

రైతు పేరు, బండి నంబరు, తూకం, తరుగు.
తరుగు గడి ఖాళీగుంటే కిటికీ తెరుచుకోదు.
బస్తాకు రెండు కిలోలు. రాసిన.
చీటీ పట్టుకొని సైదమ్మ కదలలే:
"మూడొద్దులు రోడ్డు మీద ఎండబోసిన గదా, ఎందుకు?"

ఆ రాత్రి ఎవరికీ చెప్పకుంట
ఒక గడి ఎక్కువ కలిపిన: ఎందుకు.
ఆమె మాటను ఆమె మాటల్లనే కట్టి పంపిన.
ఎర్రగ వస్తదనుకున్న.

రెండువందలొచ్చింది.

మళ్ల అడిగి తెప్పించి చూసిన:
పేరున్నది, బండున్నది, తూకమున్నది,
తరుగున్నది.
తనకు తెల్వని మాటను
కిటికీ కాదనలే.
కింద పడేసింది.