రెండు వేళ్ల వెడల్పు

ఉగాదికి బండి కడుగుదామని
క్యాబిన్ ఎక్కి సీటు కింద చీపురు పెడితే
చేటెడు మెరుపు కాయితాలు.
ఊదావి, ఎర్రవి, బంగారు అంచువి.
ఇంకో ఆడదాని జాబులు దొరికినట్టు
ఒక్కొక్కటీ సాపు చేసి చూశాను.
అన్నిట్లోనూ చాక్లెట్ వాసన.

సుంకన్న తల గోక్కున్నాడు.
"గువ్వలచెరువు ఘాటులో నిద్ర తన్నుకొస్తాది మే,
బీడీ మాన్పిస్తివి,
నోట్లో ఏదో ఒకటి ఆడాల గదా."
వెనకాల పదహారు టన్నుల బేతంచెర్ల నాపరాయి,
ముందర కండ్లు మూతపడే మనిషి.
ఏమనగలను?
డోన్ ఆస్పత్రి చీటీ మాత్రం
వంటింట్లో మేకుకు గుచ్చి ఉంది:
రెండొందల ఎనభై.

ఆ రాత్రి కాయితం వెనక చీమ అక్షరాలు
పక్కింటి మాబున్ని కూతురు తస్లీమా
టార్చి వేసి చదివి పెట్టింది.
మొదటి పేరు చక్కెర.
మూడోదీ చక్కెరే, పేరు మార్చుకుంది.
బుడ్డలు ఎక్కడో చివర,
పెండ్లి పందిట్లో బీద చుట్టంలా.

మద్దికెర బుడ్డలు ఇంట్లో మూటెడున్నాయి.
నేనే చేస్తానన్నాను.

సన్నమంట మీద మూకుడు.
చిటపటలు ఆగేదాకా వేయించి
చేటలో నలిపి ఊదితే
తస్లీమా జుట్టంతా గులాబీ పొట్టు.
గుప్పెడు నువ్వులు.
దాచిన గుమ్మడి గింజలు కొన్ని.
ఖర్జూరాలు రోట్లో వేస్తే
అప్పులోడి మాదిరి రోకలిని పట్టుకున్నాయి.
కర్నూలు నుంచి తెప్పించిన కోకో పొడి
చిటికెడు నాలిక మీద వేసుకున్నా,
వేపపువ్వు నయం.
"ఇదేనా చాక్లెట్టంటే?"
"తీపి మనుషులు కలిపేదే అత్తా" అంది తస్లీమా.

మొదటి వాయి గడ్డకట్టలేదు.
ఎండాకాలం డోన్‌లో
తారురోడ్డే గట్టిగా ఉండదు.
పళ్లెంలో బురదలా పడుకుంది.
క్లీనరు హుసేనప్ప చెంచాతో నాకి
"లేహ్యం బాగుంది వదినా" అన్నాడు.

ఈసారి బెల్లం వేద్దామనుకున్నా.
మంచిదే గదా, మనదే గదా.
బీపీ చూడొచ్చిన నర్సు సరళమ్మ నవ్వింది.
"బెల్లం చక్కెరకు అక్కే తల్లీ, చీర వేరే, అంతే.
ఖర్జూరం చెల్లెలు.
తగ్గించుకో, కొలుచుకో."
సగం గర్వం అక్కడే దిగిపోయింది.
మిగిలిన సగంతో మళ్లీ పొయ్యి ముట్టించాను.

ఖర్జూరం సగానికి తగ్గించి
బుడ్డలు కొన్ని పలుకులుగా ఉంచి
కొన్ని నూనె తేలేదాకా నూరాను.
బంకకు బంక అదే.
కోకో కలిపితే పొలం మన్ను రంగు.
సుంకన్న బండిలో విరిగి మిగిలిన నాపరాయి ముక్క
తడిగుడ్డ కింద రాత్రంతా చల్లబడింది.
దానిమీద పరిచి అప్పడాల కర్రతో ఒత్తాను.
మోసే రాయే తిండికి అచ్చయింది.
తెల్లారి కత్తి పెడితే
టక్కుమంది.

రోజుకొకటి, రెండు వేళ్ల వెడల్పు, అంది సరళమ్మ.
ఎవరి వేళ్లు?
సుంకన్న తనవి పెట్టాడు,
టైర్లు విప్పి విప్పి మొద్దుబారిన వేళ్లు,
ఇటొక బొటనవేలు కూడా జరిపాడు.
కుదరదన్నాను.
నావి పెట్టి కోశాను.
కోస్తుంటే
నా వేళ్లు ఇంత సన్నవని
ఇన్నేండ్లకు చూసినట్టు చూశాడు.

రాత్రి రెండుకు ఫోను.
ఘాటుకు ముందు బండి ఆపాడంట.
"చేదుగుంది మే."
తర్వాత మాట లేదు,
బుడ్డపలుకు నలిగే చప్పుడు,
వెనకాల ఇంజను గురక.
మింగేదాకా విన్నాను.
"నిద్ర పోయింది" అన్నాడు,
నాది కూడా.

మొన్న మళ్లీ క్యాబిన్ ఊడ్చాను.
సీటు కింద ఒక్కటే మెరుపు కాయితం.
"హుసేనప్పది" అన్నాడు.
హుసేనప్ప తల ఊపాడు,
కొంచెం ఆలస్యంగా.