పిడికెడు

నా పేరు దార్‌ఛుంగా.
మిజో కొండ అంచున వేలాడే మా ఊళ్ళో
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చాటింపు నాది.
మైకు రాకముందు
చర్చి వెనక బండెక్కి, రెండు చేతులూ నోటికి దోనె పట్టి
అరిచేవాణ్ణి.
ఊపిరి కొద్దీ మాట.
"రేపు బాటపని. ఇంటికొకరు."
ఇంకో మాటకి దగ్గొచ్చేది.
ఆ దగ్గే నాకు కాపలా అని
అప్పట్లో తెలీదు.

తర్వాత స్తంభం మీద నాలుగు బాకాలు మొలిచాయి,
నాలుగు దిక్కులకీ.
గొణిగినా లోయ అవతలికి వినబడేది.
మాట చవకైంది.
ఫలానా పంది తప్పిపోయిందని చెప్పి ఊరుకోక
దాని యజమాని కంచె కట్టుకోడని కూడా చెప్పేవాణ్ణి.
జనం నవ్వేవాళ్ళు.
నాకు బాగుండేది.

మా ఆడవాళ్ళకో అలవాటుంది.
పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు
పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు.
అది దేవుడిది.
వారం వారం ఇంటింటా పోగుచేసి, అమ్మి,
దూరపు కొండల్లో సువార్తికుల కూటికి పంపుతారు.
కలిగినింట్లో అంతే, లేనింట్లో అంతే.
పిడికిలి పిడికిలే.

ఒక మార్చిలో
లెక్కకి రెండు సంచులు తగ్గాయి.
సంఘపెద్ద చీటీ రాసిచ్చాడు:
"రెండు సంచులు కనబడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి."
ఆరు మాటలు.
చదివేశాను. మైకు ఇంకా వెచ్చగానే ఉంది.
"నిన్న పైవీధిలో మోసింది థాంగ్‌కిమి,"
అన్నాను.

అబద్ధం కాదు. మోసింది ఆమే.
దేవుడి ముందు నిలబెట్టినా అదే చెబుతాననుకున్నాను.
నిజానికి మొన ఎటుందో చూడకుండా
విసిరేశాను.

పోడు కాల్చే నెల అది.
నిప్పు పెట్టేముందు చుట్టూ ఎండుటాకు ఊడ్చి
మట్టి తేలేదాకా గీత చెక్కుతాం,
మంట పక్కకొండ ఎక్కకుండా.
చిన్నప్పట్నుంచీ చేస్తున్న పనే.
నోటి చుట్టూ మాత్రం
ఒక్కనాడూ ఊడ్చుకోలేదు.

సోమవారం దొరికాయి సంచులు,
డోళ్ళుంచే గదిలో, బల్ల కింద.
ఒకదాన్ని ఎలుకలు కొరికాయి.
అదే మైకులో, అదే గొంతుతో, రెండుసార్లు
క్షమించమని అడిగాను.
మొదటి మాటకి చెవులు రిక్కించి పొయ్యి దగ్గర ఆగినవాళ్ళు
ఈ మాటకి గరిటె కూడా ఆపలేదు.
థాంగ్‌కిమి ఆ ఆదివారం చివరి బల్ల మీద కూర్చుంది.
సంచి మళ్ళీ ముట్టలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను, మైకు లేకుండా.
నా గొంతు ఎంత చిన్నదో
ఆ మెట్ల మీద విన్నాను.
"నిజమే చెప్పాను, కిమీ. ప్రేమ లేకుండా చెప్పాను."
ఆమె ఇటు తిరగలేదు.
"టీ తాగుతావా" అంది పొయ్యితో అన్నట్టు.
బియ్యం కొలిచింది. పిడికెడు తీసింది.
రేకు డబ్బాలో గింజలు రాలిన చప్పుడు
ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ఇప్పుడు నేనూ చివరి బల్ల మీదే కూర్చుంటున్నాను.
ఒక్కోసారి పాటల పుస్తకం నా వైపు జరుపుతుంది.
ఒక్కోసారి జరపదు.

మొన్న రాత్రి రాల్‌కాపా కొడుకు పోయాడు.
ఎలా పోయాడో ఊరికి సగం తెలుసు,
మిగతా సగం నా కోసం కాచుకుని ఉంది.
మీట నొక్కాను. కాసేపు ఊరికే నిలబడ్డాను.
బాకాల్లో నా ఊపిరి ఒక్కటే వినబడి ఉంటుంది.

"రాల్‌కాపా కొడుకు రోజామా
ప్రభువునందు నిద్రించాడు.
భూస్థాపన రేపు పదింటికి.
కుర్రాళ్ళు పారలు తెండి."

మీట కట్టేశాను.
గుమ్మంలో నా భార్య అడిగింది,
"అంతేనా? సీసా సంగతి, ఆ లోయ సంగతి?"

ఏమీ అనలేదు.
చీకట్లో చూసుకుంటే
పిడికిలి ఇంకా మూసే ఉంది.