సొట్టకు కొలత

మొబ్బుతోనే షఫీ బకెట్టు చప్పుడు.
రేణిగుంట రోడ్డులో లారీలు ఇంకా లైట్లార్పలేదు.
నిన్న పీలేరు నించి వచ్చిన తెల్ల డిజైర్,
పసుపు బోర్డు విప్పి తెల్లబోర్డు తగిలించుకున్నది,
పదకొండేళ్ళు ఘాటురోడ్డు ఎక్కి దిగినది.
డాష్‌బోర్డు సందులో ఎండిన తులసాకు.
వెనక సీటులో తలానించే చోట
ఎంత రుద్దినా పోని గంధం మరక.
ఎన్ని కొత్త గుండ్లు అక్కడ వాలి నిద్రపోయాయో
కిలోమీటర్ల లెక్కలో రాదు.

చెంగల్రాయులు సారు ఫోన్లోనే మొదలుపెట్టాడు:
"పాపా, బండి కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాల."
పెండ్లికూతుళ్ళనూ తీశాను సార్,
ఏడేళ్ళు, తిరుచానూరు మండపాల్లో,
నాలుగున్నర ముహూర్తానికి పౌడరెక్కువై
ముఖమొక రంగు, మెడొక రంగు అయినవాళ్ళను.
బండ్లే నయం.
క్లిక్కుమనే వేళకు కళ్ళు మూసుకోవు.

షఫీకి నేర్పిస్తున్నాను.
నిలబడి తియ్యొద్దురా, మోకాలు నేలకానించు.
హెడ్‌లైట్ల కళ్ళలోకి చూడు.
ఆపిన పోలీసు చూసినట్టు కాదు,
బాకీ తీర్చను వచ్చిన చుట్టాన్ని చూసినట్టు.
మూతీ పక్కా రెండూ పడేట్టు మూల నుంచి ఒకటి.
మీటరు తీసేటప్పుడు తాళం తిప్పి, అంకె వెలిగినాక తియ్యి;
ఇక్కడ అంకె వణికితే
అక్కడ కొనేవాడి చెయ్యి వణుకుతుంది.
వెనకాల టీ బంకు రేకులు రాకూడదు,
చెత్త డబ్బా రాకూడదు,
ఆరేసిన సారు లుంగీ అసలే రాకూడదు.
కొండ రావచ్చు.

"కొండ కనపడితే రేటు పెరుగుతాదా అక్కా?"
పెరగదు. ఫోన్ చేసేవాడు రొంత మర్యాదగా మాట్లాడతాడు.

ఎనిమిది దాటిందా, అయిపోయింది.
ఎండ బానెట్టు మీద పాలు పొంగినట్టు పొంగి
రంగునంతా మింగేస్తుంది.
అందుకే తొందర. అందుకే కాఫీ చల్లారిపోయింది.

ఎడమ పక్క, వెనక తలుపు కింద, ఒక సొట్ట.
అలిపిరి కాడ బస్సు రాసుకుపోయిందంట.
"కుడి పక్కనే తియ్యి పాపా, ఎడమకు పోవాకు."

పోయిన నెల పుత్తూరు నించి ఒకాయన వచ్చినాడు,
పెండ్లాన్ని వెంటబెట్టుకుని, ఉతికిన చొక్కాతో.
ఫొటోలో లేని గీత మీద వేలు పెట్టి
ఆ చివర నుంచి ఈ చివరకు నడిచినాడు.
తిట్టలేదు. బేరమాడలేదు.
ఆమె చేతి సంచిలో నాలుగు నిమ్మకాయలు,
నాలుగు చక్రాల కిందికి.
వాటిని అట్లే ఎత్తుకుని బస్సెక్కినారు.
ఆ ఫొటోలు నావే.

ఎడమకే పోయాను.
ఎండ పక్కవాటున పడేదాకా ఆగాను,
నేరుగా పడితే సొట్ట అణిగిపోయి అబద్ధమాడుతుంది.
లోతు నీడగా దిగింది.
షఫీని పిలిచి, తడి తుడిపించి,
అరచెయ్యి పక్కన ఆనించమన్నాను.
తీశాను. ఇంకోటి తీశాను.

"నా కడుపు కొడతాండావు పాపా!"
సారు కేకకు వీధి కుక్క లేచి దూరంగా పోయి పడుకుంది.
నేను మాట్లాడలేదు.
నల్ల స్కార్పియో తలుపులో నా బొమ్మ పడకుండా
పక్కకు జరుగుతున్నాను.
అదొక వేరే పని, నల్ల బండిలో తాను లేకుండా తీయడం.
ఈ రోజు కుదరలేదు.
మోకాళ్ళకు మట్టి, నుదుటికి చెమట,
నా వెనక కొండ, తలుపులో అంతా పడింది.

మూడు గంటలకు మదనపల్లె నించి ఫోన్.
"సొట్ట చూసినాను మా.
ఆ చెయ్యి పెద్దోళ్ళదా, పిల్లోడిదా?
దాన్ని బట్టి లెక్కేసుకుంటా, ఎంతవుతాదో."

షఫీ బకెట్టు కింద పెట్టి
టేపు కోసం లోపలికి పరుగెత్తాడు.