రెండు కిలోమీటర్ల వెసులుబాటు

నా ఆల్టోకి పదమూడేళ్లు.
వెనక బంపరుకి పలుపుతాడు కట్టి ఉంది,
మెళియాపుట్టి దగ్గర ఎవరో ఈనిన గేదె మెడలోంచి తీసి ఇచ్చారు.

ఈయన నోటుబుక్కులో రెండు గళ్లు గీశారు,
ఇప్పుడు, తర్వాత.
ఇప్పుడు కింద మూడు లైన్లు.
తర్వాత కింద పేజీ తిప్పాల్సి వచ్చింది.
దసరాకి ధర తగ్గొచ్చు. పన్ను తగ్గొచ్చు.
బ్యాటరీ ఇంకా గట్టిపడొచ్చు.
టెక్కలి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్పే మనిషి,
ఇంట్లో బల్బు మార్చడానికి ఆదివారం దాకా ఆగుతారు.

బండి సంగతి ఇదీ:
రాత్రి ఇంటి దగ్గర ప్లగ్గు పెడితే అరవై కిలోమీటర్లు కరెంటు మీద,
అది అయిపోతే అడక్కుండానే పెట్రోలు.
నా రౌండు యాభై ఎనిమిది.
ఆ రెండు కిలోమీటర్లూ
ఎవరో నా చేతిలో పెట్టి గుప్పిట మూసినట్టున్నాయి.

"రెండు పడవల మీద కాళ్లమ్మా అది"
అన్నాడు మెకానిక్కు దాలినాయుడు, బానెట్టు కిందనుంచి తల తియ్యకుండా.
"రెండింజన్లంటే రెండు రోగాలు. ఉండండి, సూద్దుం."
అతనికేం, నా ఆల్టో ఉన్నన్నాళ్లూ
అతని పొయ్యి వెలుగుతుంది.

రెండు పడవలంటే నాకు నవ్వొస్తుంది.
పాతపట్నం సంతలో బేరం తెలుగులో మొదలై
ఒడియాలో తెగుతుంది.
నేను బతికేదే సంకరం మీద.
నత్రజని పొగల డబ్బాలో జెర్సీ వీర్యం గొట్టాలు,
కొట్టాంలో గిడస ఆవు.
పారమ్మ మొదట్లో నన్ను వాకిట్లోకి రానివ్వలేదు.
"ఆ పరాయెద్దు పిల్ల మన ఎండకి ఆగుతాదేటి?"
తనే ఆగింది, నాలుగేళ్లు.
ఎదురింట్లో పాలక్యాను నిండడం చూసి చూసి
ఒకనాడు బేగి రమ్మని కబురు పెట్టింది.
ఆ నాలుగేళ్ల పాలు ఎన్ని శేర్లో
ఇప్పటికీ వేళ్ల మీద లెక్కెడుతుంది.
ఎదురింటి ఆవు మొన్న వేసవిలో వడదెబ్బకి పోయింది.
అదీ లెక్కలో వేస్తుంది.

ఆగడం నాకు తెలియదని కాదు.
దూడ కాళ్లు కనబడ్డాయి కదా అని లాగెయ్యకూడదు.
మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని,
తల ఎటు తిరిగి ఉందో వేళ్లతో చూడాలి.
గేదె ముక్కినప్పుడే లాగాలి, వదిలినప్పుడు వదలాలి.
చుట్టూ పదిమంది లాగమంటారు, పదిమంది ఆగమంటారు.
ఆ చీకట్లో నాకెప్పుడూ అనుమానం రాలేదు.
షోరూములో, ఏసీలో, అంత తెల్లటి వెలుతుర్లో
కుర్రాడు "బుక్ చేసెయ్యమంటారా మేడమ్" అన్నప్పుడు
నా వేళ్లకి ఏమీ తగల్లేదు.

తిత్లీ తుపానప్పుడు మా వీధికి పదకొండు రోజులు కరెంటు లేదు.
బంకులో పెట్రోలు ఉంది,
దాన్ని పైకి తోడడానికి కరెంటు లేదు.
కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకి పడుకున్నాయి.
చచ్చిన పశువుల్ని లెక్కరాయడానికి
కాంపౌండరు కూతురి సైకిలు మీద తిరిగాను,
మోకాళ్లు హ్యాండిలుకి కొట్టుకుంటూ.
ఆ రోజులు నోటుబుక్కులో ఏ గడిలో వెయ్యాలి?
ఈయన్ని అడగలేదు. అడిగితే మూడో గడి గీస్తారు.

ఈ నెల జీతం రోజున ఒక పని మాత్రం చేశాను.
సెల్లారులో ఆల్టో నిలబెట్టే స్తంభానికి
పదహారు ఆంపియర్ల ప్లగ్ పాయింటు పెట్టించాను.
మీటరు నాదే.
"కారేది?" అన్నారు ఈయన.
"పాక వేసి ఆవుని తెస్తారా, ఆవుని తెచ్చి పాక వేస్తారా?" అన్నాను.
రెండూ చూశాను నేను. ఆ సంగతి చెప్పలేదు.

రాత్రి పదింటికి దిగి చూస్తే
వాచ్‌మన్ గురువులు దానికి సెల్లు తగిలించి,
వైరు పొడుగు చాలక స్తంభానికి చెంప ఆనించి,
సోంపేటలో మనవరాలి చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాడు.
పదమూడో ఎక్కం సగంలో పిల్ల ఆగిపోయింది.
ఆల్టో బానెట్టు ఇంకా వెచ్చగానే ఉంది, దాని మీద చెయ్యేసి నిలబడ్డాను.
"కంగారెట్టుకోకు. ఆలోసించి సెప్పు," అంటున్నాడు,
"సార్జింగు బోల్డుంది."