కత్తెర కింద లక్షలు

నా పేరు బసీలియా చొకేవాంకా.
నేను డబ్బు కత్తిరిస్తాను.

ఒక్కో కాగితం మీద ఇరవై నాలుగు నోట్లు,
ఒక్కోటీ బొటనవేలి గోరంత.
కత్తెర వంకరపోతే
ఎవరి అదృష్టానికో అంచు తెగినట్టే,
అందుకే కళ్ళజోడు పెట్టుకుంటాను.

జనవరి ఇరవై నాలుగు, మిట్టమధ్యాహ్నం.
లా పాజ్ ఊరు ఊరంతా
తనకు లేనిదాన్ని చిన్నది చేసి కొనుక్కునే రోజు.
అరచేతిలో పట్టే ఇల్లు,
అగ్గిపెట్టెంత సూట్‌కేసు, అందులో వీసా,
చదవని చదువుకి పట్టా,
పెళ్ళికాని పిల్లకి మట్టి కోడిపుంజు.
కొని, సాంబ్రాణి పొగలో తిప్పించి
ఇక ఏడాదంతా కాచుకోవాలి.

నా బల్ల మీద మిలియన్ డాలర్లు
ఐదు బొలీవియానోలు.
బేరమాడతారు.
మిలియన్‌కి నాలుగిస్తామంటారు.
ఇస్తాను.

మెడలో కెమెరాలేసుకుని కొందరొస్తారు.
"డబ్బుతో సుఖం రాదు కదమ్మా" అంటారు.
ఆ మాట అన్నవాడి ఇంటికప్పు
ఎన్నడూ కారి ఉండదు.

మాది కారింది. పదకొండేళ్ళు.
ఎల్ ఆల్తోలో, మబ్బు తలుపు తట్టకుండా
ఇంట్లోకొచ్చే ఎత్తులో,
మా గిన్నెలన్నీ నేలమీదే కాపురం.
ఏ చుక్క ఏ గిన్నెలో పడిందో
చీకట్లో చెప్పగలిగేదాన్ని.
సతుర్నీనోకి రాదనుకున్న బాకీ ఒకటి వచ్చింది.
పదమూడు రేకులు కొన్నాం.
ఆ రాత్రే వడగళ్ళు.
వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ
ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం,
గిన్నెలు అలమరలో పొడిగా వింటున్నాయి.
అది సుఖం కాదని ఎవరినైనా అనమనండి.
రేకు ఒక్కింటికి డెబ్బై రెండు.
రసీదు ఇప్పటికీ ఉంది.

అక్కడిదాకా లెక్క సరిపోయింది.

పోయినేడు డాన్ ఎర్మోహెనెస్
నా దగ్గర ఎర్ర లారీ కొన్నాడు,
తగరంది, చక్రాలు తిరిగేది.
ఈ ఏడు మళ్ళీ వచ్చాడు.
వచ్చిందట లారీ, నిజంది, పది చక్రాలది.
సంతోషమేనా అన్నాను.
సంతోషమే అన్నాడు. అబద్ధంలా లేదు.
ఆనక ఇళ్ళని పక్కకి జరిపి,
బియ్యం బస్తాలెత్తి
సరుకంతా వెతికాడు.
"నిద్ర ఉందా?" అన్నాడు.

వాయిదాలు, టైర్లు, డీజిలు,
కళ్ళు మూస్తే చాలు
లారీని ఎవడో తోలుకుపోతున్న చప్పుడు.
"చిన్నదైనా ఫర్లేదు. కునుకంత."

ముప్ఫై ఒక్కేళ్ళలో
నన్నెవరూ అడగని సరుకు.
మంచం చూపించాను.
మంచం ఇంట్లో ఉంది అన్నాడు.
దుప్పటి చూపించాను. తల అడ్డంగా ఊపాడు.
మట్టితో చేద్దామంటే ఏ ఆకారం?
అచ్చు వేద్దామంటే ఏ అంకె?
దేన్నైనా చిన్నది చెయ్యాలంటే
ముందు దాని అసలు కొలత తెలియాలి కదా.

అవతల పొగ వేసే యాతిరి కేకేస్తున్నాడు,
పన్నెండవుతోంది.
చేతికందింది ఇచ్చేశాను:
బొమ్మ ఇంటికి వెయ్యగా మిగిలిన
ఒక రేకు ముక్క.
"దీన్నేం చేసుకోను?"
"తల దగ్గర పెట్టుకోండి. వానొస్తే వినండి."
ఎంతన్నాడు.
మిలియన్‌కి నాలుగు పుచ్చుకునే నేను
ధర తెలియక నిలబడ్డాను.
ఆయనే ఏదో పెట్టి పోయాడు.

సాయంత్రం మనవరాలు నైరా
అసలువీ బొమ్మవీ ఒకే డబ్బాలో పోసి
వేళ్ళు తడి చేసుకుంటూ లెక్కపెట్టింది.
"అమ్మమ్మా, మనకి మొత్తం
నలభై మూడు మిలియన్ల రెండొందల పదహారు!"
దిద్దబోయి ఊరుకున్నాను.

చినుకులు మొదలయ్యాయి.
అమ్ముడుపోని ఇళ్ళన్నిటి మీదా
ఒక్క పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం.
కొండకి అటువైపు మలుపులో
ఏదో లారీ హారన్ కొట్టింది,
పొడుగ్గా, రెండుసార్లు.

ఆయన కాదులే అనుకున్నాను.